గుల్లపొడి వంతు

సొరంగపేట నత్తల తొట్టెల దినచర్య. రాస్తున్నది తొట్టెల మనిషి పైడితల్లి.

వెలుగు పక్షం, రెండో రోజు

ఎనిమిదో తొట్టెలో నీళ్ళు మార్చలేదు. పని జరగనప్పుడు కారణం రాయాలన్నది ఇక్కడి నియమం. అందుకని రాస్తున్నాను.

గుల్లల జల్లెడ ఎత్తబోయి మా వదిన నూకరత్నం మణికట్టు విరిగింది. చంద్రుడి మీద జల్లెడ బరువెంతని? పిల్లలు దాన్ని నెత్తిన బోర్లించుకుని పరుగులు పెడతారు. అలాంటిది ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. నత్తలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ తలలెత్తారు.

"ఓలమ్మ! ఎముకేనేటే అది?" అంది ఎర్రయ్యమ్మత్త. ఆవిడ నాకు వరసకే అత్త. నోరు మాత్రం సొంత అత్తదే. "బరువు సొక్కా ఒంటిమీద ఉంటే కదా ఎముక నిలబడతాది. తిరుగుడుగదిలో కూడా ఈ మజ్జిన గోడకి ఆనుకొని కూకుంటంది. నాను సూణ్ణేదనుకున్నావేటి, నూకరత్నం?"

మా పేటలో ఎముక విరిగితే ఎవరూ అయ్యో అనరు. ముందు చొక్కా వైపు చూస్తారు. ఇసుక సంచులు కుట్టిన చొక్కా మేలుకున్నంతసేపూ మోయాలి. రోజుకో పూట తిరుగుడుగదిలో, ఆ గది గిర్రున తిరుగుతూ పాత నేల మీది బరువు మన ఒంటికి తెచ్చిపెడుతుంటే, చెమటలు కారేదాకా నడవాలి. మోసినవాళ్ళకి ఎముక ఉంటుంది, ఎగ్గొట్టినవాళ్ళది పోతుంది. మాకు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ చెప్పేది అదే.

"ఐదో నెల మనిషిని పట్టుకొని ఏటా మాటలు?" అని నేను ఎదురు తిరగాలి. తిరగలేదు. అందరూ చూస్తున్నారని నా మొహం కాలిపోయింది. జల్లెడలోంచి దొర్లిన గుల్లలు ఏరుతున్నట్టు నేలకేసి చూస్తూ ఉండిపోయాను. వదిన విరిగిన చేతిని కడుపుకి ఆనించుకుని ఒక్కతీ నిలబడింది.

ఇంటికి వచ్చాక ఇంకో పని చేశాను. ఆమె పడుకున్నాక చొక్కా అంచు కుట్టు విప్పి, సంచులన్నీ ఉన్నాయో లేదో తడిమి చూశాను. అన్నీ ఉన్నాయి. పైగా రెండు ఎక్కువున్నాయి. తన ఎముకలు నొప్పెడుతున్నాయని, అది బద్ధకమేమోనని, తనంతట తానే ఎక్కువ బరువు కుట్టుకుంది.

కుట్టు మళ్ళీ వేశాను. నా కుట్టు వంకరగా వచ్చింది. చూస్తే ఆమెకి తెలిసిపోతుంది.

వెలుగు పక్షం, నాలుగో రోజు

తొట్టెలన్నిటికీ పాచి వేశాను. రెండో తొట్టెలో పిల్లనత్తలు గోడెక్కుతున్నాయి.

వదిన చేతి కట్టు మార్చే సామాను కోసం మందుల గదికి వెళ్ళాను. డాక్టర్ ఫరీదా మా పేట మనిషి కాదు. పెద్ద కొండ అవతలి బస్తీ నుంచి వచ్చింది. మాట మెత్తన, మనసులో ఏముందో మాత్రం తెలియనివ్వదు.

"మీ వదిన నీళ్ళు ఎక్కువగా తాగుతోందా?" అని అడిగింది.

ఎందుకు తాగదు? మా ఇంటి నీళ్ళ వంతు మధ్యాహ్నానికే అయిపోతోంది. పక్కింటివాళ్ళు దెప్పుతున్నారు కూడా. అదే చెప్పాను. వాంతులు ఈ నెలలో కూడా తగ్గలేదా, మలబద్ధకం ఉందా, దిగులుగా ఉంటోందా అని వరసగా అడిగింది. అన్నిటికీ అవునన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళకి అవన్నీ ఉండేవే కదండీ అని కూడా అన్నాను.

"ఉండేవే. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇలా చెయ్యి పైడితల్లీ. ఈ రోజు నుంచి గుల్లపొడి ఆపెయ్యమను. రేపు పొద్దున్నే ఇక్కడికి పంపించు. రక్తం చూడాలి."

గుల్లపొడి ఆపాలట! ఎముక గట్టిపడాలని పేటంతా వంతులేసుకుని తినే నత్తగుల్లల సున్నం! ఎముక విరిగిన మనిషికి!

నేను బడిలో పెద్దగా చదువుకోలేదు. నా చదువంతా సరుకు పెట్టెల్లోంచి వచ్చింది. పాత నేల నుంచి గాజు సామాను వచ్చినప్పుడు పెట్టెల్లో దిండుగా కాగితాలు నలిపి కుక్కుతారు. అవన్నీ అక్కడి సంఘాలవాళ్ళు పంచగా మిగిలిన కరపత్రాలు. ఒకదానికి మొదలుండదు, ఒకదానికి చివరుండదు. వాటిని ఇస్త్రీ చేసినట్టు చదును చేసి దాచుకుంటాను. అందులో ఒకటి నాకు కంఠతా వచ్చు: "తల్లి ఎముకలో సున్నం బిడ్డ తాగుతుంది. తల్లికి సున్నం ఆపమనేవాడు ఇద్దరినీ దోచుకునేవాడు." ఆ తరవాత కాగితం చిరిగిపోయింది.

"అలగేనండి, సెప్తాను" అన్నాను డాక్టరమ్మతో.

"మర్చిపోవు కదా? నన్ను రమ్మంటే నేనే వస్తాను."

"మీరెందుకండి, నాను సెప్తాను కదా."

ఇంటికి వెళ్ళాక వదిన అడిగింది, "డాక్టరమ్మ ఏటన్నాదే?" అని.

"కట్టు బాగుందంట. పొడి మానకుండా తినమంది" అన్నాను.

అబద్ధం చెప్పినట్టే అనిపించలేదు. ఒక కుట్రని అడ్డుకున్నానని అనిపించింది.

వెలుగు పక్షం, ఏడో రోజు

పనులన్నీ అయ్యాయి. గుల్లలు నూరి పొడి చేశాం. వంతులు పంచాం.

ఈ రోజు తిరుగుడుగదిలో మాట్లాడాను. నా చిన్న బుర్రకి వచ్చిన పెద్ద ఆలోచన ఇదే: ఆ గది తిరుగుతున్నంతసేపూ తలుపు తెరుచుకోదు. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా వినాల్సిందే.

మా పేటలో ఒడిగుల్ల అని ఒక ఆచారం ఉంది. కడుపుతో ఉన్న మనిషికి ఆరో నెల రాగానే ఇంటింటివాళ్ళూ తమ వంతు గుల్లపొడిలోంచి పొట్లం కట్టి ఆమె ఒడిలో వేస్తారు. అది అడిగి పుచ్చుకునేది కాదు. ఒడిలో పడ్డాక తిరిగి ఇచ్చేదీ కాదు, ఇంకొకరికి పెట్టేదీ కాదు. వేసినవాళ్ళ కళ్ళెదురుగానే చిటికెడు నోట్లో వేసుకోవాలి. మిగిలింది ఆ మనిషే తినాలి. కానీ ఎముక విరిగినవాళ్ళకి ఒడిగుల్ల వెయ్యరు. బరువు ఎగ్గొట్టినవాళ్ళకి మన వంతు ఎందుకన్నది లెక్క. వదినకి ఆరో నెల వస్తోంది, ఎవరూ ఊసెత్తడం లేదు.

అందరూ రొప్పుతూ నడుస్తుంటే నేను వాళ్ళ దారికి అడ్డంగా నిలబడ్డాను. "మా వదిన సొక్కా ఇదిగో. విప్పి సూడండి. మీలో ఎవులి సొక్కాలోనైనా ఇన్ని సంచులున్నాయేటి? ఎర్రయ్యమ్మత్తా, ముందు నీది విప్పు!"

ఎర్రయ్యమ్మత్త నడక ఆగిపోయింది. ఆవిడ చొక్కాలో సంచులు తక్కువని పేటలో అందరికీ తెలుసు. మోకాళ్ళ నొప్పులని తీసేసుకుంటుంది.

"ముసిల్దాన్ని, నాతో పోటీయేటే గుంటా?" అంది.

"మరి ముసిల్దానికి ఉన్న మన్నింపు కడుపుతో ఉన్నదానికి ఎందుకు నేదు?"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. కరపత్రాల్లోని మాటలన్నీ కట్టలు తెంచుకున్నాయి. ఎముక ఎవరి సొంతం, సున్నం ఎవరి సొత్తు, తల్లుల వంతు దోచేదెవరు అని గది ఆగేదాకా అరిచాను. ఎర్రయ్యమ్మత్త కళ్ళొత్తుకుంది. అది నా మాటలకి కరిగి అనుకున్నాను. పదిమందిలో మోకాళ్ళ సంగతి బయటపడి ఏడ్చిందని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

వెలుగు పక్షం, పదో రోజు

ఒడిగుల్ల అయింది. పేటలో ఏ ఆడమనిషికీ అన్ని పొట్లాలు పడలేదు. ఎర్రయ్యమ్మత్త అందరికంటే పెద్ద పొట్లం వేసి, "తిను తల్లీ, తిను. నా నోరు మంచిది కాదు" అని వదిన గడ్డం పట్టుకుంది.

వదిన ప్రతి పొట్లంలోంచీ చిటికెడు తింది. ఇంట్లోకి వచ్చి అంతా కక్కేసింది.

"ఒలే పైడీ, నా వల్ల కాదే. కడుపులో తిప్పతన్నాది. నోరంతా ఇనుము నాకినట్టుంది."

"మింగు వదినా. నీ కోసం కాదు, లోపలి బిడ్డ కోసం."

"నీ అన్న ఉంటే ఇలగ బలవంతపెట్టడు."

మా అన్న ధ్రువం దగ్గర మంచు గోతుల్లో పనికి పోయి, బిడ్డ పుట్టే వేళకి గానీ తిరిగి రాడు. ఆమెని నాకు అప్పజెప్పి వెళ్ళాడు. "అన్న ఉంటే నీకోసం పేటంతా తిరుగుతాడేటి?" అన్నాను. ఆమె మింగింది. నా మీద అంత నమ్మకం ఆమెకి.

ఈ రోజు నేనే ఒక కరపత్రం రాసి తిరుగుడుగది తలుపుకి అంటించాను. మందుల గదిలో తెల్ల డబ్బాల నిండా మంచి రకం సున్నం మూలుగుతోందని, తల్లుల ఎముకలు విరుగుతుంటే దాన్ని దాచుకున్నారని, ఆ గుమ్మం దాటితే పొడి దొరకదు గానీ కత్తి దొరుకుతుందని రాశాను. ఆ ఆఖరి మాట ప్రాస బాగుందని రాశాను.

వెలుగు పక్షం, పదమూడో రోజు

తొట్టెల పని ఎర్రయ్యమ్మత్త చేసింది. కారణం: నేను జనంతో మందుల గదికి వెళ్ళాను.

డాక్టర్ ఫరీదా తలుపు తెరిచే ఉంచింది. డబ్బాలు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి.

"దాచిపెట్టలేదు. లెక్కపెట్టి ఉంచాను. ఇది అందరికీ పంచే పొడి కాదమ్మా. కొన్ని ఆపరేషన్ల తరవాత రోగి ప్రాణం దీని మీదే ఉంటుంది."

"ఏ ఆపరేషన్? ఎవులికి?" అని నేను అరిచాను. వెనక జనం అరిచారు. ఆమె ఏదో చెబుతూనే ఉంది, మా గోలలో వినపడలేదు. పెద్దలు వచ్చి, గొడవ ముదరకుండా పిల్లలకీ బాలింతలకీ సమానంగా పంచెయ్యమన్నారు. అక్కడికక్కడే నీళ్ళలో కలిపి తాగించేశాం. పండగలా అనిపించింది.

అందరూ వెళ్ళిపోతుంటే ఆమె నన్ను ఆపింది. చుట్టూ జనం ఉండగానే అడిగింది: "ఆ రోజు నేను చెప్పింది మీ వదినకి చెప్పావా?"

అందరూ నా వైపు చూశారు. "సెప్పినాను" అన్నాను.

"ఆమే రానందా?"

"రానంది."

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. చూపు తిప్పుకోకుండా అబద్ధం చెప్పడం నాకు వచ్చునని ఈ రోజే తెలిసింది. ఆ సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. దీన్ని నా తరవాత పనికి వచ్చేవాళ్ళు చదువుతారు. చదవండి.

చీకటి పక్షం, మూడో రోజు

చీకటి పక్షంలో పాచి పెరగదు, నత్తలు ముడుచుకుపోతాయి, గుల్ల నూరడం ఉండదు. తొట్టెల్లో రాయాల్సింది ఏమీ లేదు.

వదిన నన్ను వాళ్ళమ్మ పేరుతో పిలుస్తోంది. పొద్దున్న టీలో ఉప్పు వేసి ఇచ్చింది. నవ్వాననుకోండి. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, ఇది ఎవరిల్లు అని అడిగింది. అప్పుడు నవ్వు రాలేదు.

ఆపైన దగ్గు వచ్చింది. మామూలు దగ్గే. దగ్గుతూ దగ్గుతూ చటుక్కున ఆగి పక్క పట్టుకుని కూలబడింది. దగ్గితే పక్కటెముక విరిగింది.

డాక్టరమ్మని పిలవడానికి వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి ఆమే తలుపు తీసి, నా మొహం చూసి, సంచీ భుజాన వేసుకుని నాకంటే ముందు నడిచింది.

రక్తం తీసింది. తన వెంట తెచ్చిన చిన్న యంత్రంలో చూసింది. మళ్ళీ తీసి మళ్ళీ చూసింది. వదినకి సూదితో నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టి నన్ను బయటికి రమ్మంది.

"ఇటు చూడు. గొంతులో, ఇక్కడ, వడ్లగింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో సున్నం తగ్గినప్పుడు ఎముకల్లోంచి తెమ్మని కబురు పెట్టే హార్మోను వాటిది. మీ వదినకి అందులో ఒకటి వాచి పెరిగింది. రక్తం నిండా సున్నం ఉన్నా తెమ్మంటూనే ఉంది. ఎముకలు గుల్లబారాయి, రక్తం సున్నపు తేటలా అయింది. ఆ దాహం, ఆ వాంతులు, ఈ మతి తప్పడం అన్నీ అందుకే."

"మరి మేం పెట్టిన పొడి?"

"నిండిన కుండలో పోశారు."

ఇక్కడ మనిషి తూలినా కింద పడడానికి చాలాసేపు పడుతుంది. నేను మెల్లగా, అందరికీ కనబడేలా కిందికి జారాను.

"ఆ గ్రంథిని తీసెయ్యాలి. ఆరో నెలలో అయితే తల్లీబిడ్డా ఓర్చుకుంటారు. ఆలస్యమైతే ఇద్దరిలో ఎవరికీ నేను మాట ఇవ్వలేను. ఆమె ఒప్పుకోవాలి."

చీకటి పక్షం, నాలుగో రోజు

ఆమె ఒప్పుకోవడం లేదు.

నీళ్ళు ఎక్కించాక కాస్త తెలివి వచ్చింది. ఆ తెలివితో అన్న మొదటి మాట: "ఆ గది గుమ్మం తొక్కితే కత్తేనని నువ్వే కదే రాసినావు?"

"తప్పు రాసినాను వదినా."

"నువ్వు తప్పు రాయవు. నిన్ను బెదిరించీసినారు."

ఆపరేషన్ మాట పేటంతా పాకి, బయట అంతకన్నా ఘోరంగా ఉంది. ఇంటిముందు ఆడవాళ్ళు కాపలా కూర్చున్నారు, డాక్టరమ్మ వదిన గొంతు కోయకుండా. ఒక్కొక్కరే పొట్లం పట్టుకుని లోపలికి వస్తున్నారు, తమ వంతు తాము తినకుండా దాచి తెచ్చినవి. నేను అడ్డం నిలబడి వద్దు, అది విషమవుతోంది అన్నాను.

"ఏటే, మొన్న తల్లుల వంతన్నావు, ఇయ్యాల విషమంటన్నావు?" అంది ఒకామె. "డాక్టరమ్మ నీకేటి పెట్టింది?"

"ఏటీ పెట్టనేదు. నాను తెలక సెప్పినాను."

"అప్పుడు తెలకపోతే ఇప్పుడు తెలిసిందని ఎలగ నమ్మేది?"

అచ్చం నేను మాట్లాడినట్టే మాట్లాడుతోంది. నేను నేర్పిన మాటలే. నా చెయ్యి పక్కకి తోసి లోపలికి వెళ్ళి వదిన ఒడిలో పొట్లం వేసింది. ఒడిలో పడ్డాక తినాలి కాబట్టి వదిన చెయ్యి చాపింది. నేను దూకి ఆ పొట్లం లాక్కుని నేలకేసి కొట్టాను. తెల్లటి దుమ్ము గాలిలో లేచి, ఇక్కడి లెక్కన ఎంతకీ కిందికి దిగకుండా, మా అందరి మధ్యా నిలిచిపోయింది. ఒడిగుల్ల నేలపాలు చేసినవాళ్ళని మా పేటలో ఎవరూ చూడలేదు.

ఆ దుమ్ములోంచే చెప్పాను. గట్టిగా చెప్పాను, బయటివాళ్ళకి కూడా వినపడాలని.

"డాక్టరమ్మ ముందే సెప్పింది. నీ సెయ్యి ఇరిగిన వారమే. పొడి ఆపమంది, నిన్ను రమ్మంది. నాను నీకు సెప్పనేదు వదినా. అందరి ముందరా అడిగితే సెప్పినానని అబద్ధం ఆడినాను. నువ్వే రానన్నావని కూడా అన్నాను."

వదిన నా మొహం కేసి చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండును. వినపడింది సరిగ్గా విన్నానా అని తనను తాను అనుమానించుకుంటున్న మనిషి చూపది.

"నాను కక్కుతుంటే మింగమన్నావు" అంది.

"అవును."

"ఏడుస్తుంటే మింగమన్నావు."

"అవును వదినా."

ఆమె విరగని చేత్తో ఒళ్ళో పడ్డ దుమ్ము దులుపుకుంది. గుమ్మంలో ఉన్న ఎర్రయ్యమ్మత్తని చూసి, "అత్తా, డాక్టరమ్మని నువ్వు పిలు. నా పక్కన నువ్వుండు. ఇది నా దగ్గరికి రావద్దు" అంది.

చీకటి పక్షం, ఆరో రోజు

ఆపరేషన్ అయింది. నన్ను మందుల గదిలోకి రానివ్వలేదు. తొట్టెల దగ్గర కూర్చుని, ముడుచుకున్న నత్తల్ని అటూ ఇటూ జరుపుతూ ఉన్నాను. చెయ్యాల్సిన పని కాదది.

డాక్టరమ్మ చాలాసేపటికి వచ్చింది. శనగగింజంత తీశానంది. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందంది. నేను ఆమె కాళ్ళ మీద పడబోయాను.

"లే. ఇప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది" అంది. "ఇన్నాళ్ళూ ఖాళీ అయిన ఎముకలు కదా. లాక్కునే గ్రంథి పోయేసరికి, రక్తంలో ఉన్న సున్నాన్ని అవి ఇప్పుడు ఒక్కసారిగా తాగేస్తాయి. ఆకలి మీదున్న ఎముకలంటాం. రక్తంలో మరీ తగ్గిపోతే వేళ్ళు కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పుతుంది. కొన్ని రోజుల పాటు సున్నం ఇస్తూనే ఉండాలి. చాలా కావాలి."

నాకు అర్థమయ్యేలోపే ఆమె అడిగేసింది: "ఆ తెల్ల డబ్బాలు దీనికోసమే. ఎక్కించడానికి రెండు సీసాలే మిగిలాయి. నోటితో ఇవ్వడానికి పొడి కావాలి. పేటలో ఎవరింట్లోనైనా ఉందా?"

వెలుగు వచ్చేదాకా గుల్ల నూరడం లేదు. వదిన ఒడిలో పడ్డవన్నీ నేనే తినిపించేశాను. ఉన్నదల్లా ఇళ్ళలో, ఒడిగుల్ల పేరుతో నేను ఖాళీ చేయించిన పొడి డబ్బీల అడుగున. వదినకి పెట్టొద్దని, అది విషమని, మొన్న నేనే వాళ్ళ ముందు గుండెలు బాదుకున్నాను.

చీకటి పక్షం, అదే రోజు

పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని వదిన అంటోందట. వేళ్ళు ముడుచుకుంటున్నాయట.

గిన్నె పట్టుకుని మొదట ఎర్రయ్యమ్మత్త ఇంటికి వెళ్ళాను. వదిన దగ్గరి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. గుల్లపొడి నోరు తెరిచి అడగడం మా పేటలో లేదు. ముష్టివాళ్ళు కూడా అడగరు. నేను గిన్నె చాపి గుమ్మంలో నిలబడ్డాను. కంఠతా వచ్చిన కాగితాల్లో ఏ కాగితంలోనూ ఈ మాట లేదు.

"ఏటే, ఈసారి ఏటి సదువుతావు?" అంది.

"ఏటీ నేదత్తా. గుల్లపొడి కావాల."

"ఇయ్యమన్నావు. తరవాత ఇయ్యొద్దన్నావు. మల్లీ ఇయ్యమంటన్నావు. మమ్మల్ని ఏటనుకుంటన్నావే, తిరుగుడుగదిలో కట్టీసిన గొర్రెలనుకుంటన్నావా?"

"కాదత్తా."

"ఈసారి నిజమని ఎలగ తెలుస్తాది?"

"నన్ను నమ్మొద్దు" అన్నాను. "నా సేతికి ఇయ్యొద్దు. నువ్వే పట్టుకెళ్ళి డాక్టరమ్మని అడుగు, ఆవిడ ఔనంటేనే ఇయ్యి. కాదంటే వెనక్కి తెచ్చీసుకో. కానీ బేగి ఎల్లత్తా. వేళ్ళు ముడుసుకుపోతన్నాయంట."

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. లోపలికి వెళ్ళి డబ్బీ తెచ్చింది. నా గిన్నె కేసి చూడనైనా చూడకుండా నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకాల నేను మందుల గది దాకా వెళ్ళి బయటే ఆగాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"తాగింది" అంది ఎర్రయ్యమ్మత్త. "వేళ్ళు కొంచెం ఇచ్చుకున్నాయి. బిడ్డ తన్నతన్నాది, నా సెయ్యి పెట్టి సూసినాను. ఇది ఒక పూటకే సరిపోతాదంట."

"నన్ను అడిగిందేటి?"

"నేదు."

నేను తల ఊపాను. ఆమె ఖాళీ డబ్బీని కొంగుతో తుడిచి నా గిన్నెలో పడేసింది.

"కింద వరస ఇళ్ళన్నీ మిగిలున్నాయి. నువ్వొక్కదానివీ ఎల్తే ఎవులూ తలుపు తియ్యరు. నాను మాటాడతాను. నువ్వు నా పక్కన నిలబడి, అడిగినోళ్ళకి అడిగినట్టు నువ్వు సేసింది సెప్పు. ఎంతమంది అడిగితే అంతమందికి."

మొదటి ఇంట్లో చెప్పాను. వాళ్ళు పొట్లం తీసుకుని మందుల గదికి బయల్దేరారు, నాతో మాట్లాడకుండా. రెండో ఇంటావిడ మొత్తం విని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. మూడో ఇంటివాళ్ళు నా మొహాన తలుపు వేశారు. ఎర్రయ్యమ్మత్త మోకాలు రుద్దుకుంది. నాలుగో ఇంటి తలుపు నేనే కొట్టాను.